మడ నేల మాస్టారు

మాస్టారు పోయారన్న కబురు చెప్పడానికి నా మిత్రులొకరు రాజమండ్రి నుంచి కాకినాడ దాకా బస్సులో వచ్చారు. ఆఫీసుకి ఫోను చేస్తే సరిపోయేది. నేను వరండాలో ఎవరితోనో మాట్లాడుతున్నాను. ఆయన మెట్ల దగ్గరే నిలబడి, నా మాటలయ్యేదాకా ఆగి, "నిన్న సాయంత్రమండి. కొవ్వూరులో, చెల్లెలుగారింట్లో. కాఫీ తాగి, కాసేపు నడుం వాలుస్తానని పడుకున్నారట. మళ్ళీ లేవలేదు" అన్నారు.

ఇద్దరం ఆ బస్సులోనే తిరిగి బయల్దేరాం. కొవ్వూరులో చర్చి వెనక సమాధుల తోటలో ఉన్నవాళ్ళు చాలా తక్కువమంది. చెల్లెలుగారి కుటుంబం, పాస్టరుగారు, ఇరుగుపొరుగు, మేము. ప్రభుత్వం తరఫున ఎవరూ రాలేదు. రావడానికి ఏ శాఖ రావాలో తేలని ఉద్యోగం ఆయనది. అటవీశాఖ వాళ్ళకి, రెవెన్యూ వాళ్ళకి, వ్యవసాయశాఖ వాళ్ళకి, చేపలశాఖ వాళ్ళకి అందరికీ పాఠం చెప్పారు. అందువల్ల ఎవరి మనిషీ కాకుండా పోయారు.

మీలో చాలామందికి ఆయన తెలియకపోవచ్చు. మాకు మాత్రం మాస్టారంటే ఆయనొక్కరే. ఆ పిలుపుతోనే రాస్తాను.

నేను అప్పుడు కొత్తగా ఫారెస్టు సెక్షన్ ఆఫీసరుగా చేరాను. తీరం వెంబడి చిత్తడి నేలలు, మడ అడవులు కాపాడాలని పైనుంచి ఉత్తర్వులొచ్చాయి. కాపాడాల్సిన మాకు అవేంటో తెలియదు. అందుకని మమ్మల్ని రాజమండ్రిలో ఒక శిక్షణ తరగతికి పంపారు. కబురు తెచ్చిన మిత్రులు ఆ తరగతిలో నా పక్కనే కూర్చునేవారు. అప్పుడాయన రెవెన్యూ ఇన్‌స్పెక్టరు. తర్వాత చాలా పై ఉద్యోగాలు చేశారుగానీ, నేనిప్పటికీ ఇన్‌స్పెక్టరుగారనే పిలుస్తాను.

మొదటిరోజు మాస్టారు పుస్తకం లేకుండా వచ్చారు. చేతిలో తడి గోనెసంచి. అందులోంచి నల్లటి బురదముద్ద తీసి బల్లమీద పెట్టారు. గది నిండా కుళ్ళిన కోడిగుడ్ల వాసన. ముందు బెంచీలో ఉన్నవాళ్ళు వెనక్కి జరిగారు.

"ఏంటండి ఇది?" అని అడిగారాయన.

"బురదండి."

"ఎక్కడిది?"

"పనికిరాని నేలలోదై ఉంటుందండి" అన్నారెవరో.

మాస్టారు ఆ మాటన్నవారి వైపు తిరిగి చాలా మర్యాదగా, "ఎవరికి పనికిరాదండి?" అన్నారు.

ఆ ప్రశ్న మేము ఆ తరగతిలో ఎన్నిసార్లు విన్నామో చెప్పలేను. బంజరు అన్నా, పోరంబోకు అన్నా, ఉప్పునేల అన్నా పాఠం అక్కడే ఆగిపోయేది. ఎవరికి పనికిరాదో చెప్పాకే ముందుకి కదలాలి. రొయ్యపిల్లకి పనికిరాదా? తుపానులో ఊరికి అడ్డం నిలబడ్డానికి పనికిరాదా? ఇన్‌స్పెక్టరుగారికి ఇది చిరాకు. వాళ్ళ రికార్డుల్లో సగం మాటలు అవే.

మాస్టారు ఆ ముద్దని రెండు చేశారు. ఒకటి నీళ్ళకుండలో వేశారు. రెండోది కిటికీలో ఎండకి పెట్టారు. తరగతులు ముగిసే రోజుల్లో రెండూ మాముందు పెట్టారు. కుండలోది నల్లగానే ఉంది. ఎండినదానిమీద పసుపురంగు మచ్చలు లేచాయి. దాన్ని నీళ్ళలో కలిపి లిట్మస్ కాగితం ముంచితే, కాగితం ఎర్రబడింది.

"ఈ బురదలో గంధకం ఉందండి. తడిగా ఉన్నంతకాలం దాని మానాన అది ఉంటుంది. ఎండబెట్టి గాలి తగలనిచ్చామా, యాసిడ్ అయి కూర్చుంటుంది. ఉప్పునైతే వానలు కడుగుతాయి. దీన్ని కడగడానికి మన జీవితకాలం చాలకపోవచ్చు."

ఆయనతో ఫీల్డుకి వెళ్ళినవాళ్ళకి గుర్తుండిపోయే అలవాటు ఒకటుంది. మట్టి నమూనా తీశాక అది ఎండకూడదని గొడుగు దానిమీద పట్టేవారు. ఎండ ఆయన నెత్తిమీద. చెప్పులు చంకలో. సంచీ ఎవరైనా అందుకోబోతే ఇచ్చేవారు కాదు. బస్సెక్కగానే, "కొంచెం వాసనొస్తుందండి, ఏమీ అనుకోకండి" అని కండక్టరుకి ముందే చెప్పుకునేవారు.

అలా ఒకసారి మమ్మల్ని కోరంగి దాటాక సముద్రం వైపు, మడల అంచునున్న ఒక పేటకి తీసుకెళ్ళారు. వ్యవసాయ కూలీల పేట అది. సొంత నేల ఎవరికీ లేదు. వరిపనులున్న రోజుల్లో కూలికి వెళ్ళేవారు. లేనప్పుడు ఆడవాళ్ళు మడల్లో మండపీతలు పట్టి అమ్ముకునేవారు. మేము వెళ్ళేసరికి పేటంతా ఒకే పనిమీద ఉంది. సముద్రపు పోటు లోపలికొచ్చే చిన్న పాయకి అడ్డంగా గట్టు వేస్తున్నారు. పోటు నీళ్ళు ఆగితే వెనకున్న మడనేల పొలమవుతుంది. మడచెట్లు అప్పటికే కొట్టేశారు. ఆడా మగా తట్టలతో మట్టి మోస్తున్నారు.

ఇన్‌స్పెక్టరుగారు మాకందరికీ సంతోషంగా చూపించారు. ఆ నేల పేటకి పట్టాలుగా ఇవ్వమని రాసింది ఆయనే. అందులో దాపరికం లేదు, తప్పుడు ఉద్దేశం లేదు. తనకున్న కాస్త అధికారంతో లేనివాళ్ళకి ఒక మంచి పని చేశానని నమ్మిన మనిషి.

మాస్టారు గట్టు దిగి లోపలికి నడిచి, పిడికెడు మట్టి తీసి వాసన చూశారు. మళ్ళీ కొంచెం ముందుకెళ్ళి చూశారు. తట్ట పట్టుకుని అటే వస్తున్న ఒకావిడ ఆగింది. ఆ పేటలో ఆవిడ మాటకి విలువుందని తర్వాత తెలిసింది. మరియమ్మ.

"ఏంటి బాబుగారూ, వరి పండుద్దా?" అంది నవ్వుతూ.

మాస్టారు చేతిలో మట్టి వదిలేసి, "పండదమ్మా" అన్నారు.

ఆవిడ నవ్వు పోలేదు. "ఉప్పేగదండి? రెండు వానలకి కడిగేత్తాం."

"ఉప్పు కాదమ్మా నా భయం. కింద పులుపుంది. ఎండితే నేల పులిసిపోతుంది."

"పులవడానికి నేలేవన్నా మజ్జిగేటండి?" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మేమూ నవ్వాం. మాస్టారు నవ్వలేదు.

ఆరోజు తిరిగొచ్చాక ఇన్‌స్పెక్టరుగారు తరగతిలో లేచి నిలబడ్డారు.

"మాస్టారూ, ఈ జిల్లాలో కాలవ కింద మంచి భూములెవరి చేతిలో ఉన్నాయో మీకూ తెలుసు, నాకూ తెలుసు. వాటి జోలికి ఎవరూ వెళ్ళరు. సముద్రం పక్కన బురదలో ఈ జనం నాలుగు గింజలు పండించుకుందామనేసరికి మనకి సైన్సు గుర్తొస్తుందేంటండి?"

మాస్టారు బల్లమీద రెండు చేతులూ ఆనించారు.

"మీరన్నది అబద్ధం కాదండి" అన్నారు. "దానికి నా దగ్గర జవాబు లేదు. జవాబు లేదని చెప్పి, పండని నేల వాళ్ళ చేతిలో పెట్టలేం కదా."

ఆ తర్వాత జరిగింది కొంచెం వివరంగా చెప్పాలి. మాస్టారు జీవితంలో మిగతాదంతా దానిచుట్టూనే తిరిగింది.

పై అధికారి ఒకరు మాస్టార్ని పిలిపించి అభిప్రాయం అడిగారు. ఆ ప్రాంతం నా సెక్షన్ కిందికి వస్తుంది కనక నేనూ అక్కడే ఉన్నాను. "నేల పాడవుతుందని గట్టిగా రాసివ్వండి. పోలీసుల్ని పెట్టి రేపే గట్టు తెంచేయిస్తాం" అన్నారు ఆ అధికారి. అంత తేలిగ్గా అయిపోయే పని. మాస్టారు కూర్చున్నచోటే అటూ ఇటూ కదిలారు.

"పోలీసులొద్దండి" అన్నారు. "వేసవంతా వాళ్ళు మోసిన మట్టి అది. లాఠీలతో తెంచితే, మేమెప్పుడు మడలమాట ఎత్తినా వాళ్ళకి ఆ లాఠీలే కనబడతాయి. నాకు కొంచెం గడువివ్వండి. నేను వెళ్ళి చెబుతాను. వాళ్ళచేతే తీయిస్తాను."

గడువిచ్చారు. సెలవు దొరికినప్పుడల్లా మాస్టారు పేటకి వెళ్ళేవారు. ప్రార్థన అయ్యాక చర్చి పాకలో కుండలు పెట్టి, వాళ్ళ నేలనే ఎండబెట్టి చూపించేవారు. పసుపు మచ్చల్ని పిల్లలు వేలితో గీకేవారు. పెద్దవాళ్ళు వినేవారు. ఆయన మాట నమ్మలేదని కాదు. మరియమ్మ ఒకరోజు నా ఎదుటే చెప్పింది. "మీరు చెప్పేది నిజమే అవ్వచ్చండి. కానీ ఇది కాకపోతే మాకేదండి? ఇంకోటి చూపిత్తే ఈ గట్టు మేవే తెంపుతాం."

చూపించడానికి ఆయన దగ్గర ఏముంది?

వానలు మొదలయ్యాయి. పేటవాళ్ళు ఊడ్పులు చేశారు. ఆ ఏడు వానలు విరగబడి కురిసి, నేల ఒక్కరోజు కూడా ఆరలేదు. వరి పండింది. బాగానే పండింది. కోతలయ్యాక మరియమ్మ, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు వరివెన్నులు కట్టగా కట్టుకుని రాజమండ్రిలో మా తరగతి గదికే వచ్చారు. అప్పుడు నేను వేరే పనిమీద అక్కడున్నాను.

"ఇదిగోనండి మాస్టారూ, పులిసిన బియ్యం!" అంది మరియమ్మ. ఎగతాళి లేదు అందులో. పండగలాంటి సంతోషం.

మాస్టారు ఆ కట్ట రెండుచేతులా అందుకున్నారు. "నేనన్నమాట తప్పయితే నాకంటే సంతోషించేవాడు లేడమ్మా" అన్నారు. నిజంగానే ఆయన ముఖం వెలిగింది. ఆ కట్టని గదిలో మేకుకి వేలాడదీశారు. కొత్త బ్యాచ్ వాళ్ళు దాన్ని చూసి చాటుగా నవ్వుకునేవారు. ఆయనకి తెలుసు. తీయలేదు. ఎవరైనా అడిగితే, "నేలని ఒక్క ఏడుతో అంచనా వేయకూడదండి. నేనైనా సరే, వాళ్ళైనా సరే" అనేవారు. ఆ ఏడు ఎవరూ గట్టు సంగతి ఎత్తలేదు. అధికారి బదిలీ అయిపోయారు.

మరుసటేడు వానలు ఆలస్యమయ్యాయి. ఆ వేసవికి మడనేల నెర్రెలిచ్చింది. గాలి లోపలికంటా వెళ్ళింది. తొలివానలు పడ్డాక పొలంపక్క బోదెకాలవలో నీళ్ళు వింతగా తేటపడ్డాయి. అడుగున తుప్పురంగు. అంత మంచినీళ్ళు ఎప్పుడూ చూడలేదని పేటవాళ్ళు మురిసిపోయారట. అది పులుపు తెచ్చిన తేట. ఊడ్చిన నారు ఎర్రబడి, ఆకులు చుట్టుకుపోయి, నిలబడ్డచోటే చచ్చిపోయింది. అక్కడితో ఆగలేదు. ఆ నీళ్ళు గట్టు తూములోంచి పాయలోకి దిగాయి. చేపలు తేలాయి. మండపీతలు బొరియల్లోంచి బయటికొచ్చి ఒడ్డున పడి చచ్చాయి. కొత్త పొలమూ పోయింది, పాత బతుకూ పోయింది.

కబురు అందగానే మాస్టారు బయల్దేరారు. ఇన్‌స్పెక్టరుగారూ నేనూ వెంట వెళ్ళాం. పేటలో ఎవరూ పలకరించలేదు. మరియమ్మ తన గడపలో కూర్చుని ఉంది. మాస్టారు ఎదురుగా నిలబడ్డారు.

"మీకు ముందే తెలుసుగదండి" అంది.

"తెలుసమ్మా."

"మరి మమ్మల్ని ఎందుకాపలేదండి?"

"చెప్పానమ్మా..." అని మొదలెట్టారు మాస్టారు.

"చెప్పారండి. చెప్పి ఊరుకున్నారు. పిల్లోడు నూతికాడికి పోతుంటే చెప్పి ఊరుకుంటామేటండి? రెక్కట్టుకుని లాగుతాం."

నాకు ఆవిడమీద కోపమొచ్చింది. పోలీసుల్ని ఆపిన మనిషినా ఈ మాట అనేది అనిపించింది. తిరుగుదారిలో ఆ మాటే అన్నాను. మాస్టారు చెయ్యి అడ్డంపెట్టారు.

"లేదండి. ఆవిడ సరిగ్గానే అడిగింది. లాఠీల్లేకుండా ఆపే దారి ఇంకొకటి ఉండే ఉంటుంది. నేను వెతకలేదు. వెన్నులు చూశాక, బహుశా నేనే తప్పేమో అనుకుని హాయిగా ఉన్నాను."

అంతకుముందు ఆయన మాకు తరచు చెప్పే మాట, "చూసింది చూసినట్టు చెప్పడం వరకే మన పని" అని. ఆ రోజు తర్వాత ఆ మాట ఆయన నోట వినలేదు.

గట్టు పేటవాళ్ళే తెంపారు. ఒక్కసారిగా తెంపితే ఉన్న పులుపంతా పాయలోకి దిగుతుందని, పోటునీళ్ళు కాస్తకాస్తగా లోపలికొచ్చేట్టు గండ్లు పెట్టించారు మాస్టారు. తట్ట ఆయనా మోశారు. ఇన్‌స్పెక్టరుగారూ మోశారు. ఆ తర్వాత ఇన్‌స్పెక్టరుగారు ఆఫీసుల చుట్టూ తిరిగి కొన్ని కుటుంబాలకి మెరకలో నేల ఇప్పించగలిగారు. అందరికీ కాదు. మిగిలినవాళ్ళలో కొందరు రాజమండ్రి వైపు ఇటుకబట్టీలకి పోయారు. మరియమ్మ కొడుకు కుటుంబంతో సహా అలా వెళ్ళినవాడే. ఆవిడ మాత్రం కదల్లేదు.

అక్కణ్ణించి ప్రతి బ్యాచ్‌ని మాస్టారు ఆ పేటకి తీసుకెళ్ళేవారు. పాఠం ఎప్పుడూ ఒకేలా మొదలయ్యేది. "ఇక్కడ తప్పు చేసినవాణ్ణి నేనండి. ఎలా చేశానో చెబుతాను, వినండి." కుర్ర ఆఫీసర్లకి ఇబ్బందిగా ఉండేది. పాఠం చెప్పేవాడు తప్పు ఒప్పుకుంటే ఎటు చూడాలో తెలియక బురదకేసి చూసేవారు. బహుశా ఆయనకి కావలసింది అదేనేమో. పాఠమయ్యాక అందరిచేతా మడమొక్కలు నాటించేవారు. సగం బతికేవి కావు. నేలలో పులుపు ఇంకా ఉంది. మళ్ళీ నాటించేవారు.

రిటైరయ్యాక కొవ్వూరు వెళ్ళిపోయారు. నేను వెళ్ళినప్పుడల్లా పేట సంగతులు అడిగేవారు. నా ఉద్యోగం సంగతి అడిగేవారు కాదు. ఆఖరిసారి వెళ్ళినప్పుడు ఆయన బాగా చిక్కిపోయి ఉన్నారు. ఆ చుట్టుపక్కల రొయ్యల చెరువులు తవ్వడానికి పట్నం నుంచి మనుషులొస్తున్నారనీ, మెషిన్లు కూడా తెస్తున్నారనీ చెప్పాను.

"మీరేం చేశారండి?"

"వద్దని గట్టిగా రాశానండి."

"రాసి?"

ఆయన రెట్టించలేదు. చెల్లెలుగారు తెచ్చిన కాఫీ నా చేతికిచ్చి, కిటికీలోంచి నది అవతలి ఒడ్డు వైపు చూస్తూ కూర్చున్నారు. ఆ ఒక్క మాట నన్ను ఇప్పటికీ ఆఫీసు కుర్చీలో కుదురుగా కూర్చోనివ్వడం లేదు. ఈమధ్య నేను రాసి ఊరుకోవడం లేదు. వెళ్ళి నిలబడుతున్నాను. నిలబడితే ఆగుతుందన్న ధైర్యం మాత్రం నాకు లేదు. మెషిన్లు ప్రతివారం ఇంకొంచెం దగ్గరికి వస్తున్నాయి.

సమాధి కార్యక్రమం అయ్యాక, పేటకి ఎవరూ కబురు చేయలేదని గుర్తొచ్చింది. మర్నాడు ఉదయం ఇన్‌స్పెక్టరుగారూ నేనూ వెళ్ళాం. పాటు సమయం. నీళ్ళు వెనక్కి తీశాయి, బురద మెరుస్తోంది. మరియమ్మ పాయలోకి దిగడానికి కొంగు నడుముకి బిగిస్తోంది. జుట్టంతా నెరిసిపోయింది. చెప్పాం.

"పోయారా?" అంది. "ఎప్పుడో ఓ మాటనేశానండి ఆయన్ని. తర్వాత ఎన్నిసార్లొచ్చినా ఆ మాట ఎనక్కి తీసుకోలేదు. తీసుకుందావనే అనిపించేది. తీసుకుంటే అబద్ధవవుద్దని ఊరుకున్నాను." కళ్ళు తుడుచుకుని, "ఆయనా తీసుకోమని అడగలేదండి" అంది.

మేము గట్టు మిగిలిన ముక్కమీద నిలబడ్డాం. ఎడంవైపు నడుమెత్తు మడచెట్లు, గాలికి కదులుతున్నాయి. కుడివైపు ఏమీ మొలవని నేల, మధ్యలో తుప్పురంగు నీటిగుంట. ఈమధ్య పీతలు కనబడుతున్నాయా అని ఇన్‌స్పెక్టరుగారు అడిగారు.

"ఒక్కోరోజు ఉంటాయండి. ఒక్కోరోజు ఉండవు" అంటూ మరియమ్మ బురదలోకి దిగింది. చెట్ల మొదట్లో ఒక బొరియ చూసుకుని, దానిపక్కన ఒత్తిగిలి పడుకుంది. చెయ్యి లోపలికి పోనిచ్చింది. మోచెయ్యి దాటింది. భుజందాకా వెళ్ళింది. చెంప తడిబురదకి ఆనించి, కళ్ళు మూసుకుని, లోపల వేళ్ళతో వెతుకుతోంది. మేమిద్దరం గట్టుమీంచి చూస్తున్నాం. దూరంగా ఎక్కడో మెషిను మొదలైన చప్పుడు. ఆవిడ కదల్లేదు. చెయ్యి ఇంకా లోపలే ఉంది.